రత్నం తీసిన మూడు బొమ్మలు

అనగా అనగా, కొండలకీ సముద్రానికీ నడుమ గోపాలరాజు ఏలే ఒక చిన్న సంస్థానం ఉండేది. ఆ ఊరి బజారులో నూకరత్నం అనే పడుచు కొత్తగా ఫోటోల దుకాణం తెరిచింది.

ఊరూరా తిరిగి ఫోటోలు తీసే ఒక ముసలాయన దగ్గర ఆమె ఆ విద్య నేర్చుకుంది. ఆయన కన్నుమూసే ముందు తన ఫోటోపెట్టెను ఆమె చేతిలో పెట్టాడు. విద్య ఉంది, పెట్టె ఉంది, వచ్చేవాళ్లే లేరు. బొమ్మ తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని కొందరు జడిసేవారు. ఆడపిల్ల తీసే బొమ్మ ఏపాటిదని కొందరు నవ్వేవారు. రత్నం రోజూ దుకాణం ఊడ్చుకుని, పెట్టె తుడుచుకుని, గుమ్మంలో కూర్చునేది.

అలా ఉండగా కోటకు రమ్మని కబురొచ్చింది.

రాజుగారు గుర్రం మీంచి పడి, కాలు విరిగి మంచాన ఉన్నారు. దివాను సర్వేశం ఏటికి అడ్డంగా కట్టించిన కొత్త ఆనకట్టను చూడాలని ఆయన ముచ్చటపడుతున్నారు.

"నేను కదల్లేను. నా కళ్లకు బదులు నీ పెట్టెను పంపుతున్నాను. బొమ్మ బాగా వస్తే కోటలో కొలువిస్తాను" అన్నారు రాజుగారు.

రత్నానికి కాళ్లు నేల మీద ఆనలేదు.

దివాను తానే దగ్గరుండి ఆమెను దూరంగా ఎదురు గట్టు మీద నిలబెట్టాడు. "ఇక్కడి నుంచి తియ్యి అమ్మాయీ. అందమంతా ఇక్కడి నుంచే కనిపిస్తుంది."

రత్నం తీసింది. రాజుగారు మురిసిపోయి, కొలువు నీదేనన్నారు. మర్నాటికి దుకాణం ముందు జనం మూగారు.

కానీ ఆ సాయంత్రం బొమ్మ పడిన గాజు పలకను వెలుగుకు ఎత్తి చూస్తే, ఆనకట్ట అడుగున సన్నటి గీత ఒకటి కనిపించింది. తెల్లవారగానే రత్నం ఒక్కతే వెళ్లి గోడ కిందికి దిగింది. అది గీత కాదు. గోడ నిలువునా బీట. లోపలి నుంచి బురదనీళ్లు ఊరుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే పల్లపు భూమిలో జాలరిపల్లె, ఇళ్ల మీద పొగ, వాకిళ్లలో పిల్లలు.

చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే? ఆమె కాసేపు అక్కడే తటపటాయించింది. తర్వాత పెట్టెను నిలిపే ముక్కాలిపీట నాటి రెండో బొమ్మ తీసింది.

కోటలో ఆ బొమ్మ చూసి దివాను చిన్నగా నవ్వాడు. "ఇది గోడ మీది బీట కాదు మహారాజా, గాజు మీది గీత. కొత్త చెయ్యి కదా, గోరు తగిలినట్టుంది."

రాజుగారు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు. "రత్నం, పలక మీద గీత పడిందా?"

"లేదు మహారాజా."

"మరి నేనెలా నమ్మను?"

రత్నం బొమ్మను తీసుకుని వెనుదిరిగింది.

బయటికి రాగానే దివాను గొంతు తగ్గించి అన్నాడు: "మళ్లీ ఆనకట్ట దగ్గర కనిపించావంటే, ఆ పెట్టె నీకు దక్కదు."

సాయంత్రానికల్లా ఆమెకు పని రాదన్న మాట ఊరంతా పాకింది. దుకాణం మళ్లీ బోసిపోయింది. అటు కొండల మీద వాన మొదలైంది. ఏరు ఎర్రగా పొంగుతోంది.

రత్నం రాజుగారి ప్రశ్ననే తలచుకుంటూ కూర్చుంది. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? ఆ బీట ఎంత పెద్దదో తన బొమ్మ చెప్పలేదు. మిగిలింది ఒక్కటే పలక. వాన కాస్త తెరిపివ్వగానే దాన్ని చీర చెంగులో చుట్టుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని బయలుదేరింది.

గోడ కింద పోలయ్య అనే ముసలి జాలరి వల సర్దుకుంటున్నాడు.

"తాతా, ఆ బీటలో చెయ్యి పెట్టగలవా?"

"పాములుంటాయి తల్లీ."

"ఉండొచ్చు. బలవంతం చెయ్యను. నీ చెయ్యి లేకపోతే రాజుగారికి అది వట్టి గీత."

పోలయ్య తన పల్లె వైపు చూశాడు. నెమ్మదిగా చెయ్యి లోపలికి పోనిచ్చాడు. మోచెయ్యి మునిగింది. భుజం దాకా మునిగింది.

"ఊపిరి బిగబట్టు తాతా, కదలకు" అని రత్నం పెట్టె మూత తీసింది. మబ్బు వెలుతురు, బొమ్మ పడటానికి సమయం పడుతుంది. ఇంతలో గోడ పైనుంచి దివాను భటుడు కేకవేస్తూ మెట్లు దిగసాగాడు. ఇప్పుడే మూత పెడితే బొమ్మ నల్లబడిపోతుంది. రత్నం తల తిప్పలేదు. భటుడి నీడ మీద పడ్డాక, చాలనిపించాకే మూత పెట్టింది.

భటుడు పెట్టె మీద చెయ్యి వేశాడు.

"దాన్ని తర్వాత లాక్కుందువు గాని బాబూ, ముందు నువ్వూ ఇందులో చెయ్యి పెట్టి చూడు" అన్నాడు పోలయ్య.

భటుడు పెట్టాడు. లోపల చల్లటి నీళ్లు వేళ్లను బయటికి తోశాయి. అతని ముఖం పాలిపోయింది. అతని అత్తవారిదీ ఆ పల్లే. మారు మాట్లాడకుండా పెట్టె తానే ఎత్తుకుని ఆమె వెంట నడిచాడు.

రత్నం చీకటిగదిలో పలకను మందునీళ్లలో కడిగి బొమ్మ తేల్చి, తడి ఆరకుండానే రాజుగారి ముందు పెట్టింది. రాతిలోకి భుజం దాకా దిగిపోయిన మనిషి చెయ్యి.

రాజుగారు పలకను వెలుగుకు ఎత్తి చూశారు. "దివానూ, గాజు మీది గీతలో మనిషి చెయ్యి పడుతుందా?"

సర్వేశం చేతులు జోడించి నేరం ఒప్పుకున్నాడు. సున్నానికి బదులు మట్టి పోసి కట్టించిన సంగతి అక్కడే బయటపడింది.

వెంటనే దండోరా వేయించారు. పొద్దు వాలేలోగా పిల్లాజెల్లా, గొడ్డూగోదా గుట్ట మీదికి చేరారు. ఆఖరి బండి గుట్ట ఎక్కుతుండగా గోడ పగిలింది. గుడిసెలు కొట్టుకుపోయాయి. ప్రాణం ఒక్కటీ పోలేదు.

మళ్లీ కట్టే ఆనకట్టకు రాళ్లు మోసే శిక్ష దివానుకు పడింది. రాజుగారు రత్నాన్ని పిలిచి కొలువు తీసుకోమన్నారు.

"తీసుకుంటాను మహారాజా. ఎక్కడ నిలబడి బొమ్మ తియ్యాలో మాత్రం నాకెవరూ చెప్పకూడదు. మీరు కూడా."

అక్కడున్నవారంతా బిత్తరపోయారు. రాజుగారు ఒప్పుకున్నారు.

అప్పటినుంచి ఏ ఊళ్లో తగవొచ్చినా, రత్నం తీసిన బొమ్మ ఉంటే ఇక వేరే సాక్ష్యం అడిగేవారు కాదట.

కాబట్టి పిల్లలూ, దగ్గరికి వెళ్లి చూసి, చూసింది చూసినట్టు ఎదుటివాడికి నమ్మకం కుదిరేలా చూపించేవారి పనే నిలుస్తుంది.