ఏటిమెరక తడిచీర తల్లి

చిట్టేటి ఒడ్డున, ఏటిమెరక గ్రామానికి తూర్పున వెలసిన ఈ తల్లికి జరీచీరలు కట్టరు. ఫాల్గుణంలో మోదుగలు పూసినప్పుడు ఊరి ఆడవాళ్ళు పలుచని పట్టుచీరకు ఇంట్లోనే రంగువేసి, నీళ్ళు కారుతుండగానే తెచ్చి కడతారు. అమ్మవారికి జలుబు చేయదా అని కొత్తగా వచ్చిన భక్తులు నవ్వుతారు. కథ విన్నాక ఆ నవ్వు నిలవదు.

పూర్వం ఇక్కడ కోనమ్మ అనే నేతవారి ఇల్లాలు ఉండేది. ముతక నూలుకు రంగువేయడంలో ఆమె ఘటికురాలు. బట్టను చవుటిమట్టి కలిపిన నీళ్ళలో మరగబెట్టి, బండకేసి బాది, మెలిపెట్టి పిండేది. కోనమ్మ పిండితే బండరాయి కూడా నీళ్ళు కక్కుతుందని ఇరుగుపొరుగువారు వేళాకోళమాడేవారు. ఆమె ఒక్కగానొక్క కూతురు చౌడికి మాత్రం ఆ మోటుచెయ్యి రాలేదు. తండ్రి మగ్గం మీద ఆ పిల్ల తొలిసారి ఒక పట్టుచీర నేసింది. పిడికిట పట్టినా పట్టినట్టు తెలియనంత మెత్తని చీర. అది మగ్గం దిగేసరికి పిల్లకు విషజ్వరం తగిలింది.

"అమా, దీనికి మోదుగపూల రంగు నువ్వే ఎయ్యాల. అమ్మోరికి నువ్వే కట్టాల" అని తల్లిచేత మాట తీసుకుని చౌడి కన్నుమూసింది.

కూతురి చెయ్యి ఇంకా ఆ చీరలో ఉందని కోనమ్మ నమ్మింది. మోదుగలు పూయగానే పూలు నానవేసి, కాచి, వడగట్టింది. రంగు ఎక్కడ పట్టకుండా పోతుందో, బిడ్డకిచ్చిన మాట ఎక్కడ తప్పుతుందో అని ఆమె భయం. ఆ భయంలో నూలుకు చేసినట్టే చవుడు కలిపి, మంట ఎగదోసి, చీరను మరిగే నీళ్ళలో వేసింది.

"పొయ్యి ఆర్పు కోనా! అది పట్టు, గోనెపట్ట గాదు!" అంటూ భర్త రామలింగడు మగ్గం గుంటలోంచి లేచి పరుగెత్తుకొచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ కంగారులో ఆమె చీరను బయటికి లాగి, అలవాటు చొప్పున మెలిపెట్టి పిండేసింది. విప్పి చూస్తే రంగు చక్కగా పట్టింది. బట్ట మాత్రం ఎండుటాకులా గరగరలాడుతూ మడతమడతకూ చిట్లింది.

"నా బిడ్డ చేతిని నేనే ఉడకబెడితిని గదయ్యా!" అని కోనమ్మ నెత్తి బాదుకుంది.

చీర పట్టుకుని ఏటికి పోయి, పొద్దంతా చన్నీళ్ళలో జాడించింది. మెత్తదనం రాలేదు. ఒడ్డునే సొమ్మసిల్లి పడుకోగా కలలో అమ్మవారు కనిపించింది. దీని మెత్తదనం తిరిగిమ్మని కోనమ్మ కాళ్ళమీద పడింది.

"పోయింది నా దగ్గర లేదమ్మా. ఉన్నది తే, కట్టుకుంటా. మళ్ళీ పిండబాక" అంది అమ్మవారు.

కోనమ్మ లేచి, ఆ చిట్లిన చీరను నీళ్ళు కారుతుండగానే తెచ్చి అమ్మవారి రాతికి చుట్టింది. చీర బాగుపడలేదు. కోనమ్మా బాగుపడలేదు. బతికినన్నాళ్ళూ మళ్ళీ రంగుకుండ ముట్టలేదని పెద్దలు చెబుతారు.

నేటికీ ఏటిమెరకలో చీరకు రంగువేసే ఇంట పూలరసాన్ని గోరువెచ్చగా చల్లారనిస్తారు. చీరను ముందు మామూలు నీళ్ళలో తడిపి, ఆపైన రంగులో ముంచి మెల్లగా కదుపుతారు. పిండరు, ఎండకు వేయరు. అది అమ్మవారి ఒంటిమీదే నీడపట్టున ఆరుతుంది. రంగునీళ్ళ వేడి చూడడానికి మాత్రం బిడ్డను పోగొట్టుకున్న తల్లిని పిలుస్తారు. శుభకార్యాలలో వెనక నిలబడే ఆమె చేతినే ఇక్కడ ముందు పెట్టిస్తారు. ఆమె చాలునన్నాకే చీర నీళ్ళలోకి దిగుతుంది.

ఈ తల్లిని సేవిస్తే పోయినవారు తిరిగివస్తారని మేము రాయలేము. ఇక్కడ దొరికే అనుగ్రహం ఒక్కటే. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి చెయ్యి ఆ నీళ్ళలో ఉన్నంతసేపూ, ఏడవవద్దని ఆమెతో ఎవరూ అనరు.