జవాబు కోసం ఆగిన గోరింక

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. ఆ బడికి సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా అందేది. నవ్వకండర్రా, కథలో అన్నీ ఉంటాయి మరి!

ఆ బడిలో వరహాలు టీచర్ అనే గోరింక పాఠాలు చెప్పేది. మనసు మంచిదే, కానీ ఒట్టి వసపిట్ట. ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు కూడా తనే చెప్పేసేది.

ఒకసారి టీచర్లందరికీ ఫోన్లో శిక్షణ పెట్టారు. కొత్త పద్ధతుల్లో పాఠం ఎలా చెప్పాలో వీడియోలు చూడాలి, చివర్లో పరీక్ష రాయాలి. పాపం, వరహాలుకి తీరిక ఎక్కడిది? గూట్లో పిల్లలు ఆకలని ఒకటే గోల. అందుకని వీడియో పెట్టి, సౌండు తీసేసి, పురుగుల వేటకి పోయింది. పరీక్ష జవాబులు కాకి మేష్టారు టీచర్ల ఫోను గ్రూపులో పెడితే, చూసి నొక్కేసింది. సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని బడి గోడకి తగిలించింది.

కొన్నాళ్ళకి తాబేలమ్మ బడికొచ్చింది. ఆమె కొడుకు నూకరాజు బడిలో ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. తోటి పిల్లలు మొద్దు అంటున్నారని ఇంటికొచ్చి, డిప్పలో తల దాచుకుని ఏడుస్తున్నాడట. ఇక చదువు మానిపించేస్తానంది. వెళ్ళబోతూ గోడకేసి చూసి ఆగింది.

"మీరు కొత్త పద్ధతులు నేర్చుకున్నారటగా టీచరమ్మా. మావాడిలాంటి పిల్లల గురించి అందులో ఏమైనా చెప్పారా?"

వరహాలు కూడా గోడకేసి చూసింది. చెప్పారని అనేస్తే సరిపోయేది. కానీ ఆ తల్లి మొహం చూశాక అబద్ధం నోట రాలేదు.

"నాకు తెలీదమ్మా. వీడియో పెట్టాను గానీ వినలేదు. ఇప్పుడు వింటాను. అంతవరకూ వాణ్ణి మానిపించకండి."

తాబేలమ్మ సరేనని తలూపి వెళ్ళింది.

వరహాలు గూటి పని మొగుడికి అప్పజెప్పి, వీడియోలన్నీ మొదటినుంచి విన్నది. ప్రశ్న అడిగాక మీరు కాసేపు నోరు మూసుకోండి, ముందు పక్కవాళ్ళతో మాట్లాడుకోనివ్వండి అని ఉంది. ఓస్, ఇంతేనా అనుకుంది. ఇంతే. కానీ వసపిట్టకి అదెంత కష్టమో!

మర్నాడు, "వాన వచ్చే ముందు మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది. నాలుక దురద ఆగలేదు, మబ్బులని తనే చెప్పేసింది. రెండోరోజు, మబ్బులు కాక ఇంకెలా తెలుస్తుందని అడిగి ఎలాగో ఆపుకుంది. నూకరాజు తల సగం బయటికి వచ్చింది కూడా. ఇంతలో ఉడతపిల్ల అరిచేసింది, ఆ తల మళ్ళీ లోపలికి పోయింది. మూడోరోజు మళ్ళీ అదే అడిగి, పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి, గుసగుసగా మాట్లాడుకోమంది. తర్వాత అందరినీ చేతులు దించమని, నూకరాజు వైపు తిరిగి కూర్చుంది. మాట బయటికి రాకుండా ముక్కు గట్టిగా మూసుకుంది.

ముందు నూకరాజు ముక్కు కనబడింది. తర్వాత కళ్ళు. చాలాసేపటికి మెడ.

"నేల చల్లబడుతుంది టీచర్. నా పొట్టకి ముందే తెలుస్తుంది."

ఆ సంగతి ఎగిరేవాళ్ళకీ తెలీదు, గెంతేవాళ్ళకీ తెలీదు. కుందేలుపిల్ల వెంటనే నేలమీద బోర్లా పడుకుని చూసింది. దాన్ని చూసి తరగతంతా బోర్లా పడుకుంది. ఎలా తెలుస్తుందో చెప్పమని అందరూ నూకరాజునే అడిగారు. వరహాలు కూడా రెక్కలు పరిచి పడుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మూడు రోజులైనా మార్పు లేదని, నూకరాజుని మానిపించి తీసుకుపోదామని వచ్చిన తల్లి, గుమ్మం దగ్గర నిలబడి అదంతా చూసి, వాణ్ణి బడిలోనే ఉంచి ఒక్కతే ఇంటికి వెళ్ళింది.

నీతి: నేర్పేవాళ్ళు ముందు నిజంగా నేర్చుకోవాలి, ఆగి వినేవాళ్ళుంటే ఏ పిల్లా మొద్దు కాదు.