వంద బారలు

“నానేటి తప్పు సేసినాను గురువా? వంద బారలు అవతలే ఇంజను ఆపినాను గదా?” అని ఎల్లాజీ వరసగా నాలుగు రోజులు అడిగాడు. మసేనయ్య సరంగు నాలుగు రోజులూ పలకలేదు. ఆయన పద్ధతే అంత. కోపం ముదిరినకొద్దీ ఆయనకి మాట తగ్గుతుంది.

ఆ కోపం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. చలికాలంలో మా రేవుకి రెండు గంటల దూరాన తిమింగలాలు కనిపిస్తాయి. వాటిని చూపిస్తామని ఎక్కడినుంచో ఒక కంపెనీ దిగింది. జోరు పడవలతో వాటిని అలుపొచ్చేదాకా తరిమి, వచ్చినవాళ్ల చేత ఫొటోలు తీయించింది. మా కడుపు మండిపోయింది. ఆడా మగా అందరం రేవులో అడ్డంగా కూర్చుని ఆ పడవల్ని వెళ్లగొట్టాం. చూపిస్తే మేమే చూపిస్తాం, మర్యాదగా చూపిస్తాం అని సంఘం పెట్టుకున్నాం. నలభై ఏళ్లు చుక్కాని పట్టిన మసేనయ్య మాకు గురువయ్యాడు. వంద బారల దూరంలో, అంటే దాదాపు రెండొందల గజాల అవతలే, ఇంజను ఆపాలి, ఎదురు పోకూడదు, వెంటపడకూడదు. ఆయన పెట్టిన నియమం ఇంతే. ఇంకొంచెం దగ్గరికి పోనివ్వమని వచ్చినవాళ్లు ఎంత బతిమాలినా మేము నియమం తప్పలేదు. ఆ కంపెనీ వాళ్లెక్కడ, మనమెక్కడ అని మాకు గర్వం బాగానే తలకెక్కింది.

మాకు ఇంకో అలవాటుంది. అది ఆయన నేర్పింది కాదు, తాతల నాటిది. చేపల గుంపు కంటబడితే మా వాడు ఒక్కడే వల వేసుకోడు. తెడ్డుకి తువ్వాలు కట్టి పైకి లేపుతాడు. చూసిన పడవలన్నీ వస్తాయి. వచ్చినవాడు ముందొచ్చినవాడి పక్కన ఇరుక్కోడు, ఖాళీగా ఉన్న వైపు చూసుకుని ఆగుతాడు. తువ్వాలు లేపని మనిషిని మేము మనిషి కింద జమకట్టం.

ఆ రోజు ఎల్లాజీకి తల్లి తిమింగలం, దాని పక్కనే పిల్ల కనిపించాయి. పుట్టి ఎన్నాళ్లో కాని పిల్ల. పొంగిపోయి, అలవాటుకొద్దీ తువ్వాలు లేపేశాడు. అతనిదీ కలిపి పది పడవలం పోగయ్యాం, అందులో ఒకటి నాది. ప్రతివాడూ వంద బారల దగ్గరే ఇంజను ఆపాడు. ప్రతివాడూ ఖాళీ చూసుకుని ఎంతో మర్యాదగా నిలిచాడు. మధ్యలో ఆ తల్లి ఎటు తిరిగితే అటు పడవే. పిల్లని ఒంటికి ఆనించుకుని అక్కడక్కడే తిరిగింది. పిల్లేమో ఎక్కువసేపు మునిగి ఉండలేక తేలిపోయేది. తేలినప్పుడల్లా పది పడవల మీదా కేరింతలు. గంటసేపు చూశాం. చివరికి తల్లి తెగించి పిల్లతో సహా మా కిందినుంచి దూరింది. పిల్ల వీపు ఒక పడవ అడుగుకి గీసుకుని నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ పడవ నాదే.

ఆ జంట తర్వాత ఎవరికీ కనబడలేదు. బతికున్నాయో లేదో తెలిసేదాకా ఒక్క పడవా కదలకూడదన్నాడు మసేనయ్య. ఎల్లాజీ చేతిలోంచీ నా చేతిలోంచీ చుక్కాని లాగేసుకున్నాడు. నేను నా పడవ ఇసక మీదికి లాగేశాను. ఎల్లాజీ ఊరుకోలేదు.

ఐదో రోజు పొద్దున్న రేవులో పదిమంది ముందూ గొంతు పెంచాడు. “నియమం తప్పినోడ్ని సూపించు గురువా. నాను సముద్రం మానెస్తాను.”

మసేనయ్య లేచాడు. ఎల్లాజీ భుజం మీది తువ్వాలు లాక్కుని, అక్కడే పడున్న తెడ్డు ఒకటి తీసుకుని, నేరుగా ఎల్లాజీ ఇంటికి నడిచాడు. ఎల్లాజీ వెనకాలే గొణుక్కుంటూ పోయాడు. అక్కడ పెరట్లో అతని తల్లి పెంటమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకుని, కాళ్లు చాపి, మూడు నెలల మనవరాలికి నీళ్లు పోస్తోంది. పసిబిడ్డకి నీళ్లు పోసేవేళ పరాయివాళ్లు దడి దాటి లోపలికి పోకూడదని మాలో కట్టుబాటు. మసేనయ్య ఆ నడుమెత్తు దడి బయటే ఆగాడు. తెడ్డుకి తువ్వాలు కట్టి పైకి లేపాడు.

నేల మీద తువ్వాలు లేవడం మా ఊరు ఎరగదు. వలలు కుట్టుకునేవాళ్లు, చేపలు ఎండబెట్టేవాళ్లు, సిగ్గులేకుండా నేనూ, అందరం పరిగెత్తాం. ఒక్కడూ దడి దాటలేదు. ఖాళీలు చూసుకుని చుట్టూ నిలబడ్డాం. ఏం చూడాలో తెలియకుండానే గుడ్లప్పగించి చూశాం. ఒకరిద్దరు ఫోన్లు కూడా తీశారు.

పెంటమ్మ లేవబోయి మళ్లీ కూలబడింది. అంతమంది మగాళ్ల ముందు ఆ చీరతో ఎలా లేస్తుంది? చేతుల్లో సబ్బుకి జారిపోతున్న బిడ్డ. “ఓలమ్మో! ఏటి సూత్తన్నార్రా, మీ కళ్లు పేలిపోను! మీ ఇళ్లల్లో పిల్లల్లేరేటి? ఒరే మసేనుగా, ముసలి సచ్చినోడా, నీకు పోయీకాలం వచ్చిందేట్రా!” అని తిట్లు లంకించుకుంది. బిడ్డ కళ్లలో సబ్బు పడి గుక్కపట్టింది. ఏడుపు ఆగి మొహం నల్లబడేసరికి ఎల్లాజీ మా మీద పడి ఇద్దర్ని నేలకూల్చాడు. దడి తన్ని లోపలికి దూకి, చొక్కా విప్పి తల్లి కాళ్ల మీద కప్పి, బిడ్డని ఎత్తుకుని వీపు తట్టాడు. బిడ్డ మళ్లీ కెవ్వుమంది. అప్పుడు మా వైపు తిరిగాడు. “ఎల్లండ్రా! ఇది సూసీదేట్రా!” అని అరిచాడు.

“దడి దాటినోడ్ని సూపించు,” అన్నాడు మసేనయ్య. “నానూ సముద్రం మానెస్తాను.”

మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. పెంటమ్మ మాత్రం బిడ్డని లాక్కుని ఇంట్లోకి పోయి, అక్కడినుంచి కూడా తిడుతూనే ఉంది. మసేనయ్య ఆ తిట్లన్నీ నిలబడి చివరిదాకా విన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మీయమ్మ తిట్లు ఊరంతా ఇన్నాది,” అన్నాడు. “ఆ తల్లి ఏటని తిట్టినాదో, పది పడవల్లో ఒక్కడైనా ఇన్నాడేట్రా?”