తడి కాగితం కింద గాలి

ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనని మాట ఒకటుంది. మా పిన్ని నాకు ఫోన్లు చేయడం ఎప్పుడు మానేస్తుందా అని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె మీద కోపమేమీ లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నంద్యాల బస్టాండులో మైకు ముందు కూర్చుని "ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప వెళ్ళు బస్సు" అని ఆమె పిలిస్తే, బెంచీల మీద నిద్రపోతున్నవాళ్ళు కూడా మూటలు ఎత్తుకుని లేచేవారు. ఇప్పుడు ఆ గొంతులో గడ్డ లేచింది. గురువారం ఆపరేషను. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. "ప్రాణానికేం భయం లేదంట వేణీ. మెడకు బెజ్జం పెడతారంట, దాంట్లోనించి గాలి పీల్చుకుంటాది. మాట మాత్రం ఉండదంట," అని బాబాయి చెప్పాడు. ఆ రోజు నుంచి పిన్ని ఫోను నేను ఎత్తలేదు. ఎత్తితే ఆ మాటలే ఆఖరివైపోతాయి. ఎత్తకపోతే ఇంకా మిగిలే ఉంటాయి. నా తర్కం అంతే.

ఈ సంగతి మా ఉస్తాదుకు నేను చెప్పలేదు. ఆయన పేరు సాలెహ్ బావజీర్, హైదరాబాదు బార్కస్‌లో ఉంటారు. వాళ్ళ తాతగారు యెమెన్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చినవారు. ఈయన వయసులో ఉండగా తిరిగి ఆ దేశానికే వెళ్ళి, పాత శాసనాలకు కాగితం మీద అచ్చులు తీసేవాళ్ళతో చాలా ఏళ్ళు పనిచేశారు. నేను సంతోష్‌నగర్‌లో ఒక డీటీపీ షాపులో కూర్చుంటాను. కోఠీ ఫుట్‌పాత్ పుస్తకాలతో సొంతంగా అరబ్బు దేశాల పాత లిపులు నేర్చుకుని, ఇక సొంతంగా కుదరక ఆయన గుమ్మం ఎక్కాను. చచ్చిపోయిన భాషలంటే నాకు ఇష్టం. అవి మనల్ని తిరిగి ఏమీ అడగవు. ఉస్తాదుకు ఒక అలవాటుంది. కొత్త ధాతువు, అంటే మాటకు మూలమైన హల్లులు, పలికేటప్పుడు గొంతు మీద చెయ్యి వేసుకోమంటారు. ఎందుకని అడిగితే చెప్పరు. అసలు దేనికీ మాటతో జవాబు చెప్పే మనిషి కాదు.

మంగళవారం మధ్యాహ్నం నేను అడిగిన ప్రశ్న ఇది. "ఉస్తాద్, నూన్, ఫే, సీన్. న, ఫ, స, మూడే హల్లులు. ఒక్కో దేశంలో కాస్త వేషం మారుస్తాయి, ఫ వెళ్ళి ప అవుతుంది, స వెళ్ళి ష అవుతుంది, కానీ అవే మూడు. బాబిలోను మట్టి పలకల మీద ఆ ధాతువుకి గొంతు అని అర్థం, ప్రాణం అని కూడా. హీబ్రూలో గొంతు, ప్రాణం, మనిషి. అరబీలో ఒక రూపం ఊపిరి, ఇంకో రూపం ఆత్మ. ఇథియోపియా హబషీల పాత భాషలో గాలి. ఇక్కడిదాకా దారి కనిపిస్తోంది. కానీ యెమెన్ పాత రాళ్ళ మీద అదే మాట సమాధి రాయి. సిరియా ఎడారిలోనూ అంతే. గొంతు ఊపిరైంది, ఊపిరి ప్రాణమైంది, సరే. ప్రాణం రాయి ఎక్కడైంది?"

ఉస్తాదు భార్య మర్యంబీ చాయ్ పట్టుకొచ్చి మా మధ్య పెట్టింది. "మొదలైందా? ఈ ఇంట్ల సచ్చినోళ్ళకున్న ఇజ్జత్ బతికున్నోళ్ళకు లేదు. సల్లగైతది, తాగుండ్రి."

అంతలో నా ఫోను బల్ల మీద గుర్రుమంది. తెర మీద పిన్ని పేరు. నేను దాన్ని బోర్లా తిప్పాను.

"ఎవరు?" అన్నారు ఉస్తాదు.

"మా పిన్ని."

"ఎత్తు మరి."

"తర్వాత చేస్తా, ఉస్తాద్."

"తర్వాత అంట, తర్వాత," అంది మర్యంబీ. "రోజూ గదే ఫోను, రోజూ గదే తర్వాత. ఒకరోజు నేనే ఎత్తి, నీ బిడ్డ మా ఇంట్ల సుకంగ చాయ్ తాగుతున్నదని చెప్త."

ఉస్తాదు నవ్వలేదు. చాయ్ సగంలో వదిలి లేచారు. "నీ సవాల్‌కు జవాబు పెరట్ల ఉన్నది. రా."

పెరట్లో జామచెట్టు కింద ఒక రాయి నిలబెట్టి ఉంటుంది. అసలుది కాదు; యెమెన్‌లో తాము అచ్చు తీసిన ఒక సమాధి రాయిని గుర్తుపెట్టుకుని, శిష్యుల సాధన కోసం ఆయనే చెక్కిన నకలు. అసలు రాయి మీద పోయినవాళ్ళ పేరు విరిగిపోయిందట, అందుకని ఈయనా పేరు చెక్కలేదు. దాని మీద ఉన్నది ఆ మూడు అక్షరాలే. దాని పక్కన కూర్చుని ఎన్నోసార్లు జామకాయలు తిన్నాను. ఆ పూట మాత్రం, ఎందుకో, పేరు కోసం ఖాళీగా వదిలిన ఆ చోటు వైపు చూడబుద్ధి కాలేదు.

పని నాకు తెలిసిందే. రాయిని కడగాలి. మందపాటి కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, రాయి మీద పరచాలి. గట్టి వెంట్రుకల బ్రష్షుతో ఒక్కో అంగుళమూ కొడుతూ పోవాలి. కాగితం గాడుల్లోకి దిగుతుంది. ఆరాక ఒలిస్తే అక్షరాలు కాగితం వెనక ఉబ్బెత్తుగా నిలుస్తాయి.

ఉస్తాదు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నారు. నేను ఎడమ వైపు నుంచి కొట్టుకుంటూ వచ్చాను. సీన్ దిగింది. ఫే దిగింది. తెల్లటి చర్మం కింద ఎముకలు తేలినట్టు తేలాయి. కుడి చివర, ఆ రాత మొదలయ్యే చోట ఉన్న నూన్ మాత్రం దిగలేదు. అక్కడ కాగితం కింద గాలి చిక్కుకుని, బొటనవేలంత ఉబ్బు లేచింది. చూస్తుండగానే అది అణిగింది. మళ్ళీ లేచింది.

ముఖం దగ్గరగా పెట్టాను కాబట్టి నా ఊపిరికే కదులుతోంది అనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. జామాకు ఒక్కటీ కదలడం లేదు. ఉబ్బు అణిగింది. ఆగింది. మా పిన్ని ఊరి పేరు చెప్పాక, ప్లాట్‌ఫారం నంబరు చెప్పబోయే ముందు ఆగుతుందే, అలా ఆగింది. తర్వాత నింపాదిగా లేచింది.

"ఉస్తాద్..."

"చూస్తున్న."

"దీని కింద ఏముంది?"

"రాయి."

"రాయి కదలదు గదా!"

"కదలదు."

నన్ను ఆటపట్టించడానికి వచ్చిన మర్యంబీ గుమ్మంలోనే ఆగింది. కొంగు తల మీదికి లాక్కుంది. పెదాలు ప్రార్థన చదువుతున్నట్టు కదులుతున్నాయి.

"కొట్టు," అన్నారు ఉస్తాదు. "గాలి పోతేనే అక్షరం పడ్తది."

బ్రష్షు ఎత్తాను. చెయ్యి దిగలేదు. ఎవరి ముఖం మీదో కొట్టబోతున్నట్టుగా ఉంది. అప్పుడే లోపల బల్ల మీద ఫోను మళ్ళీ మోగడం మొదలైంది. చెక్క మీద దాని వణుకు పెరటిదాకా వినిపిస్తోంది. నేను కదల్లేదు. మోగి, మోగి, అదే ఆగిపోయింది.

ఉబ్బు అణిగింది. ఈసారి లేవలేదు. కాగితం అంచు రాయికి అతుక్కుంటూ, అతుక్కుంటూ వచ్చింది. నేను బ్రష్షు తగిలించకుండానే, నూన్ మొదటి గీత కాగితం మీద మెల్లగా తేలసాగింది.

నేను ఏం చేశానో నాకే తెలియదు. గోరు దూర్చి కాగితం మూల పట్టుకుని లాగేశాను. తడి కాగితం చర్రున చిరిగి సగం నా చేతిలోకి వచ్చింది. కింద నుంచి గాలి వచ్చి మణికట్టుకు తగిలింది. కడిగిన రాయి చల్లగా ఉంది, కాగితం చల్లగా ఉంది. ఆ గాలి వెచ్చగా ఉంది.

చేతిలోని పీలికల నుంచి నీళ్ళు కారి నా కాళ్ళ మీద పడుతున్నాయి.

"చింపేశాను, ఉస్తాద్," అన్నాను. "అక్షరం పడకుండా పాడుచేశాను. ఇంకో కాగితం నానబెట్టమంటారా?"

ఆయన ఆ పీలికలు నా చేతిలోంచి తీసుకుని తొట్టిలో వేశారు. రాయి వైపు ఒకసారి, బల్ల ఉన్న గది వైపు ఒకసారి చూశారు.

"రాయికి తొందర లేదమ్మా," అన్నారు. "అది ఆగుతది."

కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. ఆయన చెప్పకుండానే నా చెయ్యి గొంతు మీదికి పోయింది. లోపల, బోర్లించిన ఫోను అలాగే పడి ఉంది. చేస్తాను. చేసి, ఎలా ఉన్నావని అడగను, ఏడవను. పిన్నీ, కడప బస్సు ఒక్కసారి పిలువు, అంటాను.