జిల్లెళ్లకనుమ మంచం మాత

జిల్లెళ్లకనుమ మీదికి నేటికీ బస్సు లేదు. భక్తులు కొండ కింద దిగి, నీడలేని రాతిదారిన ఎక్కి రావలసిందే. పైకి చేరినవారు ముందు చతికిలబడతారు, ఆ తర్వాతే దండం పెడతారు. అందులో తప్పేమీ లేదు. ఇక్కడి మరియమాత స్వరూపం కూడా అలసినదే. తలపై కిరీటం లేదు, చేతిలో బాలయేసు లేడు. భుజాన మంచం పట్టె, మొహాన చెమట. అందుకే ఈమెను మంచం మాత అంటారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, కనుమ దారి మాత్రమే ఉండేది. కింది ఊళ్లో రాయప్ప అనే రైతు ఉండేవాడు. కాలువ నీటి తగాదాలో ఇన్నాసి అనే అతడు రాయప్ప తమ్ముణ్ణి పారతో కొట్టి చంపాడు. శిక్ష తీరాక జైలు నుంచి మళ్లీ అదే ఊరికి వచ్చాడు. రాయప్ప ఇంటి ముందు నుంచే పొలానికి వెళ్లేవాడు. పగవారిని ప్రేమించమన్న ప్రభువు ఆజ్ఞ రాయప్పకు కంఠతా వచ్చు. అది తన వల్ల కాదని తెలిసి, దివ్యపూజకు వెళ్లినా సత్ప్రసాదపు అప్పం తీసుకోవడం మానేశాడు. వెనక వరుసన కూర్చుని, అందరికంటే ముందే లేచిపోయేవాడు.

ఒక వేసవిలో ఊరికి కలరా గత్తర వచ్చింది. ఇన్నాసి మంచాన పడ్డాడు. కన్యాస్త్రీల ఆసుపత్రి కనుమకు అవతల ఉంది; మంచంతోనే మోసుకెళ్లాలి. మంచానికి ఒక మూల భార్య తెరేజమ్మ, రెండు మూలల కొడుకులు. నాలుగో మూలకు మనిషి లేడు. గత్తరకు జడిసి ఎవరూ గడప దాటలేదు. తెరేజమ్మ చివరికి రాయప్ప గుమ్మం ముందు నిలబడి, ఏమీ అడగలేక ఏడ్చింది. రాయప్ప తలుపు వేసుకున్నాడు. ఆమె వీధి మలుపు తిరిగేసరికి, తలపాగా చుట్టుకుంటూ వెనకే వచ్చాడు.

కనుమ సగం ఎక్కాక ఇన్నాసికి తెలివి వచ్చింది. మోస్తున్నది ఎవరో చూశాడు.

"దించెయ్ రాయప్పా. నీ తమ్ముణ్ణి చంపినోణ్ణి, నన్నెందుకు మోస్తావు?"

"పగ పట్టీ పట్టీ ఇసుగొచ్చింది. ప్రేమ నా వల్ల కాలా. మొయ్యటం అవుద్ది. మాట్టాడకుండా పడుకో," అన్నాడు రాయప్ప.

కనుమ పైన మంచం దించి అందరూ కూలబడ్డారు. రాయప్ప కూర్చున్నచోటే నిద్రపోయాడు. కలలో ఒక తల్లి అదే మంచాన్ని తనతోపాటు మోస్తూ కనిపించి, "ఇంకా ఎంత దూరం నాయనా?" అని రొప్పుతూ అడిగింది. లేచి మళ్లీ భుజాన వేసుకున్నాడు. మంచం తేలికైందా అని తర్వాత జనం అడిగితే, లేదనే చెప్పాడు. తనతో ఇంకొకరు మోస్తున్నారని మాత్రం తెలిసిందన్నాడు.

ఇన్నాసి బతకలేదు. వట్టి శ్రమ అన్నారు ఊరివారు. ఆసుపత్రి నుంచి శవాన్ని తెచ్చేటప్పుడూ నాలుగో మూల రాయప్పే పట్టాడు. తర్వాతి ఆదివారం సత్ప్రసాదానికి లేచి ముందుకు వెళ్లాడు. తాను నిద్రపోయిన చోట అతడు పేర్చిన రాళ్ల మీదనే ఈ గుడి లేచింది.

పండుగనాడు మాతను తేరు మీద కాక నులకమంచం మీద ఊరేగిస్తారు. మూడు మూలలు ముగ్గురు పడతారు. నాలుగోది ఆ ముగ్గురిలో ఒకరితో పగ ఉన్నవారే పట్టాలి. అప్పటిదాకా మంచం లేవదు. కబుర్లు పంపడం, బతిమాలడం, ఎండలో కాచుకోవడం ఏటా ఉన్న తంతే. గుడి పెద్దలకు విసుగు పుట్టని ఏడాది లేదు. నిరుడు మధ్యాహ్నం దాటాక, అన్నతో మాటలు మానేసిన ఒక చెల్లెలు వచ్చి పట్టింది. ఇద్దరూ మొహాలు చూసుకోలేదు.

ఇక్కడ మొక్కుకుంటే పగవాడి మనసు మారుతుందని మేము చెప్పలేము. భుజం నొప్పి మాత్రం తప్పదు. ఆ రాత్రి కంటినిండా నిద్ర పడుతుందని మోసినవారందరూ చెబుతారు.