మోదుగాకులో ఉప్పు

కార్తీక శుద్ధ ద్వాదశి, బుధవారం, పొద్దుపొడిచి సరిగ్గా రెండు ఘడియలు. గుట్ట కింద కుందేళ్ళ ఇంట్లో కొత్త కోడలు చెంగమ్మ పొయ్యి ముందు నిలబడి, ముందు ఏ పని అందుకోవాలో తెలియక తన రెండు చేతులూ తనే చూసుకుంటోంది.

అత్తగారు పేరిందేవికి నిన్నంతా ఏకాదశి ఉపవాసం. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పైగా పారణ అయ్యేదాకా మౌనం. ద్వాదశి ఇంక నాలుగు ఘడియలే ఉంది. ఆలోగా వంట చేసి, తులసికోట దగ్గర నైవేద్యం పెట్టి, ఆవిడ నోట్లో నాలుగు మెతుకులు పడాలి. తిథి దాటిపోతే, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కసారీ తప్పని వ్రతం ఈ ఏడు తప్పినట్టే. అదీ కోడలి చేతి మీదుగా!

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. దేవుడికి పెట్టకముందు వండినవాళ్ళు రుచి చూడకూడదు. అందుకే పేరిందేవి పొయ్యి వెలిగించకముందే కూరకి సరిపడా రాళ్ళుప్పు ఒక మోదుగాకులో పోసి పక్కన పెట్టుకునేది. ఆకు ఖాళీ అయిందంటే ఉప్పు పడిందన్నమాట. చెంగమ్మ కూడా ఆకు తీసి తుడుస్తోంది. అంతలో గుమ్మంలో నక్క మావయ్య దగ్గాడు.

"ఏం కోడలు పిల్లా, ఇంకా ఆకులు తుడుచుకుంటూ కూర్చున్నావా? అక్కడ మీ అత్త కళ్ళు గుంటలు పడిపోతుంటేనూ!"

"ఉప్పు కొలిచి పెట్టుకుంటున్నా మావయ్యా. మా అత్తయ్య పద్ధతి."

"పద్ధతులు తీరికున్న రోజున! ఆలస్యం అమృతం విషం అన్నారు. మూడు పొయ్యిలూ ఒక్కసారే రాజెయ్. అన్నం ఒకదాని మీద, పప్పు ఒకదాని మీద, పాయసం ఒకదాని మీద. ఆ ఆకు అవతల పారెయ్. జాడీలోంచి చేత్తో వేసుకుంటే సరిపోలా?"

పెద్దవాడు చెబుతున్నాడు కదా అని చెంగమ్మ ఆకు పారేసి మూడు పొయ్యిలూ వెలిగించింది. ఇక చూడాలి ఆ పిల్ల అవస్థ! అన్నం వైపు తిరిగితే పాలు పొంగుతున్నాయి. పాల మీద నీళ్ళు చిలకరిస్తే పప్పు కుండ మూత ఎగిరిపడింది. అవిసాకు ఒలిచిందీ లేనిదీ గుర్తులేదు. గరిటె కోసం ఇల్లంతా వెతికింది, అది తన చేతిలోనే ఉంది.

"ఉప్పు వేశావా పప్పులో?" అన్నాడు నక్క.

"లేదేమో మావయ్యా." గుప్పెడు తీసి వేసింది.

పాయసంలోకి బెల్లం కొడుతుంటే మళ్ళీ అడిగాడు. "అవునూ, ఇందాక ఉప్పు వేసింది అన్నంలోనా, పప్పులోనా?"

చెంగమ్మ ఆలోచించింది. చెయ్యి జాడీలో పెట్టిన సంగతి గుర్తుంది. ఆ చెయ్యి తర్వాత ఎటు వెళ్ళిందో గుర్తు రాలేదు. ఎందుకైనా మంచిదని ఇంకో గుప్పెడు వేసింది. పొగకి కళ్ళు తుడుచుకుంటుంటే, "ఉప్పు మరిచిపోకమ్మోయ్!" అని ముచ్చటగా మూడోసారి కేకేశాడు. ఆ కంగారులో మూడో గుప్పెడూ పడింది.

పడ్డాక తన చేతి వైపు చూసుకుంది. "మావయ్యా, నేను ఎన్నిసార్లు వేశాను?"

"నన్నడిగితే? వండేది నువ్వా నేనా?"

"పప్పులో ఎంత పడిందో కూడా తెలియడం లేదు. రుచి చూడకూడదే! దేవుడికి ఎలా పెట్టను?"

నక్క గొంతు తేనెలో ముంచినట్టయింది. "నువ్వు చూడకూడదు గానీ, నేను చూస్తే దోషమేముందే తల్లీ? ఇలా వంచు ఆ కుండ. ఒక్క చుక్క నాకి చెబుతాను."

చెంగమ్మ తులసికోట దగ్గర జపం చేసుకుంటున్న అత్తగారి వైపు చూసింది. ఆవిడ జపమాల ఆపి కళ్ళు పెద్దవి చేసింది. ఆ చూపుకి వద్దని అర్థమో, త్వరగా కానిమ్మని అర్థమో చెంగమ్మకి తోచలేదు. కుండ రెండు చేతులా పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. నక్క నాలుక అప్పటికే బయటికి వచ్చేసింది.

పక్క దొడ్లో పడుకుని నెమరువేస్తున్న ఎద్దు తాత నోరాడించడం ఆపాడు.

"అమ్మాయ్, ఒక్కటి అడుగుతాను. ఎంగిలిపడ్డ కుండ దేవుడికి పెడతారా?"

"పెట్టం తాతయ్యా."

"మీ అత్త పారణకి పెడతారా?"

"రామరామ! పెట్టం."

"మరి ఆ కుండెడు పప్పూ ఎవరి పాలవుతుంది?"

చెంగమ్మ కుండ వైపు చూసింది, నాలుక వైపు చూసింది. గబుక్కున కుండ వెనక్కి లాక్కుంది.

"చాల్లే ముసలాడా! ఊళ్ళో సంగతులన్నీ నీకే కావాలి" అని నక్క పళ్ళు కొరికాడు.

"నాకేం కావాలి నాయనా? తిన్నదే మళ్ళీ తింటూ బతికేవాణ్ణి. తొందరేమిటో నాకు తెలియదు" అన్నాడు ఎద్దు తాత, మళ్ళీ నెమరువేస్తూ.

కుండ దక్కింది సరే, అందులో ఉప్పు సంగతి? ద్వాదశి ఇంక రెండు ఘడియలే ఉంది. చెంగమ్మ కుండ గుమ్మం పక్కన దించి, అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. కాసేపటికి ఎవరో పక్కన కూర్చున్నట్టనిపించింది. పేరిందేవి. పారేసిన మోదుగాకు ఆవిడ చేతిలో ఉంది. మట్టి దులిపి, కడిగి, కోడలి ఒళ్ళో పెట్టి మళ్ళీ తులసికోట దగ్గరికి వెళ్ళిపోయింది.

చెంగమ్మ కళ్ళు తుడుచుకుంది. అన్నం అడుగంటింది గానీ పైన బాగానే ఉంది, దించింది. పాయసం గిన్నె తీసి మూతపెట్టింది. రెండు పొయ్యిలు ఆర్పేసింది. ఆకులో చిటికెడు మీద చిటికెడు ఉప్పు పోసి, చిన్న గిన్నెలో దోసెడు పెసరపప్పు కడిగి, ఉన్న ఒక్క పొయ్యి మీద పెట్టి దాని ముందు కూర్చుంది.

"తిథి పోతోందే!" అని నక్క గుమ్మంలో గంతులేశాడు. "ఇంకో పొయ్యి వెలిగించు! మంట పెంచు!"

"ఉండు మావయ్యా. పప్పు ఏదో చెబుతోంది, వింటున్నాను."

నిజంగానే వింటోంది. మొదట టకటకమన్న పప్పు, మెత్తబడే కొద్దీ గుసగుసలాడింది. అవిసాకు వేయగానే పచ్చివాసన లేచి, మెల్లగా కమ్మబడింది. అప్పుడు ఆకులో ఉప్పు వంచింది. చివరి రాయి కూడా రాలిందో లేదో చూసుకుంది. అత్తగారు పొయ్యి దగ్గర కూనిరాగం ఎందుకు తీస్తారో ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు తన గొంతులోనూ ఏదో పాట కదిలింది.

"ఉప్పు వేశావా?" పాత ఎత్తే వేశాడు నక్క.

చెంగమ్మ ఖాళీ ఆకు చూపించింది.

నక్కకి ఒళ్ళు మండింది. పక్కనే పెద్ద కుండ, నెయ్యి వాసన! అతని చూపు కనిపెట్టి చెంగమ్మ అంది, "దాని జోలికి పోకు మావయ్యా. అందులో ఏం పడిందో నాకే తెలియదు. కాస్త ఆగితే నైవేద్యం అయ్యాక నీకూ ఆకు వేస్తాను."

"నాకే కథలు చెబుతోందీ పిల్లకాకి. మంచిది దాచుకుని చిన్న గిన్నెతో మభ్యపెడుతోంది" అనుకున్నాడు నక్క. ఆగడం అతని ఇంటా వంటా లేదు కదా! కుండలో మూతి పెట్టి, ఊపిరి తీయకుండా సగం పప్పు మింగేశాడు. ఆ తర్వాత నాలుక్కి సంగతి తెలిసింది.

"ఓరి దేవుడో! సముద్రమే పోసిందిరో!" అని తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వాగు వైపు పరుగు లంకించుకున్నాడు.

"ఏరా, ఉప్పు సరిపోయిందా?" అని ఎద్దు తాత వెనకనుంచి అడిగాడు.

ద్వాదశి ఇంకా అర ఘడియ ఉండగానే నైవేద్యం పూర్తయి, పేరిందేవి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మౌనం విడిచి ఆవిడ అన్న మొదటి మాట, "ఇంకాస్త పప్పు వెయ్యవే."

రెండో ముద్ద మింగి, కోడలి చెవిలో మెల్లగా చెప్పింది. "అత్తా ఒకింటి కోడలే కదే. నేను కొత్తగా వచ్చినప్పుడు నాలుగుసార్లు వేశాను. మా అత్తగారు ఈ ఆకు నాకు ఊరికే నేర్పలేదు."

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్ళు ఒక్క పొయ్యే వెలిగించి, దాని ముందు పక్కపక్కన కూర్చుని, నిన్న ఆగిపోయిన పాయసం కాచారు. బెల్లం ఒక ఆకులో, యాలకుల పొడి ఒక ఆకులో. ఒకరు పాట ఎత్తుకుంటే ఇంకొకరు అందుకున్నారు. వాగు దగ్గర నక్క ఇంకా నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

మనసు పొయ్యి దగ్గర లేకపోతే, చేతికి ఉప్పు లెక్క తెలియదు.