సోమవారం పలకని సబ్‌వూఫర్

ఆ తెల్లకారు మలుపు తిరిగి కనబడితే చాలు, జోజికి ఒళ్లు మండేది. నెల రోజుల్లో మూడుసార్లు దాన్ని బాగుచేసి పంపాడు. మూడుసార్లూ షాపు ముందు డిక్కీలోని సబ్‌వూఫర్, లోతు శబ్దాలు పలికే ఆ పెద్ద స్పీకరు, అద్దాలు అదిరేలా మోగింది. మూడుసార్లూ వారం తిరక్కుండా కారు మళ్లీ వచ్చి నిలబడింది. ఒకసారి ఫ్యూజు మార్చాడు, ఒకసారి వైర్లు మార్చాడు, ఒకసారి ఏకంగా దాన్ని మోగించే ఆంప్ మార్చాడు.

ఇవాళ నాలుగోసారి.

వేరే రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేవాడేమో. కానీ వచ్చే శుక్రవారం జోజి సొంత షాపు తెరుస్తున్నాడు. నరసరావుపేటలో కార్లకు పాటలు బిగించే ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు షాపు పెడితే ఉస్తాద్ వచ్చి మొదటి పాట తన చేత్తో పెట్టాలి. ఆయన రాకుండా తెరవకూడదని ఎవరూ అనరు. తెరిస్తే మాత్రం వీధిలో ఎవరూ ఆ గుమ్మం వైపు ఒక్క బండినీ పంపరు.

జోజి బోర్డు కూడా రాయించేశాడు. తనకు పని నేర్పిన ఈ షాపు యజమాని కరీముల్లా ఉస్తాద్ మాత్రం వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. "ముందు టీచరమ్మ కారు సంగతి చూడు" అని ఊరుకున్నాడు.

టీచరమ్మ అంటే వకుళ టీచరు. పిల్లలకు నాట్యం నేర్పుతుంది. సోమ, గురువారాల్లో సత్తెనపల్లి వెళ్లి అక్కడా ఒక క్లాసు చెబుతుంది. దారంతా మృదంగం రికార్డు పెట్టుకుని, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసుకుంటూ నడుపుతుంది.

"ఏం చేశావు అబ్బాయ్? మృదంగానికి కుడి పక్కే వినబడుతోంది. ధిం మనే ఎడమ పక్క ఉన్నట్టుండి మాయమైపోతోంది. పాపం ఆయన ఒక చేత్తో వాయిస్తున్నట్టుంది" అంది కారు దిగుతూనే.

"చూస్తాను మేడం."

"సోమవారం పోతుంది, గురువారం పోతుంది. మిగతా రోజులు శుభ్రంగా పలుకుతుంది."

జోజి పకపకా నవ్వాడు. "మీ ఆంప్‌కి క్యాలెండర్ చూడ్డం కూడా వచ్చా మేడం?"

టీచరు మొహం ఎర్రబడింది. "నేను చూసింది నేను చెప్పాను" అని వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

లోపల పాత స్పీకరుకు కొత్త కాగితం అతికిస్తున్న ఉస్తాద్ తలెత్తి చూశాడు.

జోజి పనితనం ముచ్చటగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టే ముందు డిక్కీలో చీపురుపుల్ల కూడా ఉండకూడదు అతనికి. టీచరు సామానంతా దించి గోడవార పెట్టాడు. నీళ్ల సీసాలు, చాప, గజ్జెల మూట. ఆ మూట ఎత్తేసరికి నడుం పట్టేసినంత పనైంది. ఇళ్లకు తీసుకెళ్లి పోగొట్టుకొస్తున్నారని సత్తెనపల్లి క్లాసులో పదిహేను మంది పిల్లల గజ్జెలూ ఈమధ్య క్లాసు రోజుల్లో టీచరే మోసుకు తిరుగుతోంది.

ఆ తర్వాత కరెంటు చూసే మీటరు తీశాడు. ఇక్కడ పెట్టాడు, అక్కడ పెట్టాడు. అంతా బాగానే ఉంది. స్పీకరు వైరు ఒకటి మార్చి రికార్డు పెట్టాడు. మృదంగం రెండు చేతులా ధిం ధిం మంటూ మోగింది.

"అయిపోయింది మేడం! ఇక మీకు వారాలతో పనిలేదు" అన్నాడు గెలిచినవాడిలా.

ఉస్తాద్ లేచి వచ్చి చెయ్యి చాచాడు. తన పని సరిచూస్తాడనుకుని జోజి మీటరు ఆయన చేతిలో పెట్టాడు. ఉస్తాద్ దాన్ని జుబ్బా జేబులో వేసుకుని, గోడ దగ్గరికి వెళ్లి గజ్జెల మూట పట్టుకున్నాడు.

"అయ్యో ఉస్తాద్, ఆగండి! నేను పెడతాగా!"

డెబ్బై ఏళ్ల మనిషి. వంగితే మోకాళ్లు పట్టుకుని లేవాలి. ఆ మూట ఎత్తి భుజాన వేసుకున్నాడు. అడుగు వేస్తే ఘల్లుమంది. ఎదురుగా టైర్ల కొట్లో పనివాళ్లు బయటికొచ్చారు. ఎవరో ఈల కూడా వేశారు. ఉస్తాద్ గడ్డంలో నవ్వుకుంటూ ఘల్లు ఘల్లుమని కారు దాకా నడిచాడు. జోజికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రోజూ ఎక్కడ పెడతారమ్మా?"

"ఆ ఎడమ మూలనండీ" అంది టీచరు.

ఉస్తాద్ మూట దించాడు.

సబ్‌వూఫర్ ఠక్కున ఆగిపోయింది. మృదంగం కుడి పక్క ఒక్కటే టకటకలాడుతోంది.

ఉస్తాద్ మూట పైకెత్తాడు. ధిం. మళ్లీ దించాడు. పోయింది.

"ఇవాళ ఏం వారంరా?" అని అడిగాడు.

"సోమవారం" అని టీచరే గట్టిగా చెప్పింది.

జోజి కార్పెట్ ఎత్తాడు. ఆ మూలన రేకుకు బిగించిన ఎర్త్ వైరు కనబడింది. పెయింటు గీకకుండానే స్క్రూ బిగించారు. పైన బరువు పడితే రేకుకూ వైరుకూ పొత్తు తప్పుతోంది. ఏడు నెలల కిందట బిగించింది ఎవరో కాదు, తనే.

రేకు తెల్లగా మెరిసేదాకా గీకాడు. స్క్రూ బరువు తగలని చోటికి మార్చాడు. ఎవరూ చెప్పకుండానే మూట, చాప, సీసాలు ఎక్కడివక్కడ సర్ది, అప్పుడు రికార్డు పెట్టాడు. మూట పక్కన తనూ ఎక్కి కూర్చుని చూశాడు. ధిం ధిం మంటూనే ఉంది.

"ఈ వారాల సంగతి మొదట్లోనే చెప్పుంటే బాగుండేది మేడం" అన్నాడు దిగుతూ.

"నాలుగుసార్లూ చెప్పానయ్యా!" అని టీచరు నవ్వేసి, క్లాసుకు వేళైందని బయల్దేరింది. మృదంగం వీధి చివరిదాకా వినబడింది.

ఉస్తాద్ మీటరు తిరిగిచ్చి తన కాగితం పనిలో పడ్డాడు. శుక్రవారం మాట ఎత్తడానికి జోజికి మొహం చెల్లలేదు.

అంతలో ఒక పాత జీపు వచ్చి ఆగింది. దిగిన పెద్దాయన కాస్త మొహమాటపడుతూ, "చెబితే నవ్వుతావేమో బాబూ. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుందంటే చాలు, పాట ఆగిపోద్ది" అన్నాడు.

టైర్ల కొట్లో గొల్లున నవ్వారు. జోజికీ గొంతుదాకా వచ్చింది నవ్వు. మింగేశాడు. స్టూలు లాగి ఆయన ముందు వేశాడు.

"కూర్చోండి బాబాయ్. పిన్నిగారు ఇవాళ రాలేదా?"

"ఇంటికాడే ఉంది."

"తీసుకురండి. ఆవిడ వచ్చాకే సెట్టు మూత తెరుస్తాను."

పెద్దాయన మొహం వికసించింది. జీపు వెనక్కి తిప్పుకుని వెళ్లాడు.

"శుక్రవారం నీ షాపు తెరిచే ప్రార్థన ఎన్నింటికి పెట్టుకున్నావు?" ఉస్తాద్ తలెత్తకుండానే అడిగాడు.

"పన్నెండింటికి, ఉస్తాద్."

"మీ పాస్టరుగారికి చెప్పి మూడింటికి మార్పించు. జుమ్మా నమాజు అయితే గానీ నేను రాలేను."